పాపకి కొత్తగా వచ్చిన దవడ పన్ను సుద్దముక్కలా రాలిపోతోంది. ఎనామెల్ అసలు ఎలా తయారవుతుంది?

మారతహళ్ళి_అమ్మ
మా పాపకి ఏడేళ్ళు. పాలపళ్ళ వెనకాల కింద కుడివైపు కొత్త దవడ పన్ను వచ్చింది. చిగురులోంచి బయటపడినప్పుడే దాని మీద గోధుమరంగు మచ్చ ఉంది. మిగతా పన్ను నిగనిగలాడుతుంటే ఆ మచ్చ ఉన్నచోట మెరుపే లేదు, పాత సుద్దముక్కలా ఉంది. పోయిన వారం చేగోడీ కొరికితే ఆ మూల పొడిపొడిగా రాలింది. చన్నీళ్ళు తాగితే జివ్వుమంటోందని ఏడుస్తోంది.

ఇంటి దగ్గర క్లినిక్‌కి తీసుకెళ్తే ఆయన లైటు వేసి చూసి, "చాక్లెట్లు తెగ పెడుతున్నారు, బ్రష్ చేయించడం లేదు" అని పాప ముందే నన్ను మందలించారు. తిరిగి వస్తుంటే ఆటోలో పాప "అమ్మా, నేను రోజూ రెండుసార్లు తోముతున్నానుగా" అని ఒకటే ఏడుపు. నిజంగానే తోముతుంది. పక్కనున్న పాలపళ్ళు నాలుగేళ్ళ నుంచి నోట్లో ఉన్నాయి, ఒక్కదానికీ పుచ్చు లేదు. నిన్న వచ్చిన పన్ను ముందు పాడవడం ఏమిటి? అత్తయ్య గుంటూరు నుంచి ఫోన్ చేసి కాల్షియం తక్కువైందంటారు. అసలు పన్ను మీది ఈ పైపొర, అదే ఎనామెల్, ఎలా తయారవుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

హోసూరు_రోడ్డు
మీ అపార్ట్‌మెంట్‌కి కావేరీ నీళ్ళా, బోరు ట్యాంకరా? ముందు ఫ్లోరైడ్ అనుమానించండి.

కనిగిరి_కుర్రోడు
ఫ్లోరైడ్ అంటే నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, నా నోరే సాక్ష్యం. మా పొదిలి, దర్శి, కనిగిరి వైపు సంగతి 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు, అప్పుడు మాది నెల్లూరు జిల్లా. మన దేశంలో మొట్టమొదట నమోదైన చోట్లలో అదొకటి. నేను పుట్టినప్పటి నుంచి పదో తరగతి వరకు చేతిపంపు నీళ్ళే తాగాను. నా ముందు పళ్ళన్నిటి మీదా అడ్డంగా తెల్ల గీతలు, వాటి మధ్య మట్టిరంగు చారలు. ఎడమ పన్ను మీద గీత ఎక్కడుందో కుడి పన్ను మీదా సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే అడుగుతున్నా, పాపకి మచ్చ ఒక్క పన్ను మీదేనా, అన్నిటి మీదా ఉందా?

మారతహళ్ళి_అమ్మ
కింద కుడి పన్ను మీద బాగా ఉంది. ఎడమ పన్ను మామూలుగానే ఉంది. పై పళ్ళలో ఒకదాని మీద చిన్న పసుపు మచ్చ. నీళ్ళు కావేరీవే, ఎండాకాలంలో ట్యాంకర్.

పిల్లల_పళ్ళ_డాక్టర్
నేను ఇక్కడ బెంగళూరులోనే పిల్లల పళ్ళు చూస్తాను. పన్ను చూడకుండా ఖాయంగా చెప్పను. కానీ మీరు చెప్పిన లెక్క ఫ్లోరోసిస్‌కి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు పాడవడానికి, కుదరదు. ఫ్లోరోసిస్ రెండువైపులా సమానంగా వస్తుంది, మచ్చకి అంచు తెలియకుండా కలిసిపోతుంది. ఒక దవడ పన్ను పాడై ఎదుటిది బాగుండి, మచ్చకి గీత గీసినట్టు అంచు ఉంటే మేము ముందు అనుమానించేది మోలార్ ఇన్సిజర్ హైపోమినరలైజేషన్. అంటే దవడ పళ్ళకీ ముందు పళ్ళకీ ఎనామెల్‌లో ఖనిజం సరిగ్గా చేరకపోవడం. మేము ఎంఐహెచ్ అంటాం. ఆ పేరు పెట్టింది 2001లో. అరుదేమీ కాదు, నా దగ్గరికి వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు.

ఇక చాక్లెట్ సంగతి. ఆరేళ్ళకి వచ్చే మొదటి దవడ పన్ను ఎనామెల్ పని పాప పుట్టే సమయానికి మొదలవుతుంది, దాదాపు మూడేళ్ళకి కిరీటం, అంటే పైకి కనిపించే భాగం, పూర్తవుతుంది. ఆ తర్వాత మూడేళ్ళు పన్ను దవడలోనే దాక్కుని ఉంటుంది. అంటే ఆ మచ్చ పడేనాటికి పన్ను ఇంకా నోట్లోకే రాలేదు, చాక్లెట్ దాన్ని తాకే వీలే లేదు. మచ్చతోనే బయటికి వచ్చింది అన్నారు చూడండి, ఆ ముక్కే అసలు విషయం. పాపదీ తప్పు కాదు, మీదీ కాదు.

రెండు ప్రశ్నలు. ముందు పళ్ళ మీద మచ్చలున్నాయా? మొదటి రెండు మూడేళ్ళలో పెద్ద జబ్బు ఏదైనా చేసిందా?

మారతహళ్ళి_అమ్మ
మీ పోస్టు పాపకి చదివి వినిపించాను. "చూశావా" అని ఒక్క మాట అని వెళ్ళి బొమ్మలేసుకుంటోంది.

పైన ముందు పన్ను ఒకదాని మీద గోరంత తెల్ల మచ్చ ఉంది, పాలు అంటిందేమో అనుకునేదాన్ని. పదకొండో నెలలో న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచాం. దానికీ దీనికీ సంబంధమా?

స్ఫటికం
ఉండొచ్చు. నేను ఇక్కడే ఒక ల్యాబ్‌లో ప్రోటీన్లు, ఖనిజాలు ఎలా కలిసి పనిచేస్తాయో చూసే పనిలో ఉన్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఎనామెల్ బరువులో 96 శాతం ఖనిజమే. హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్. మన ఒంట్లో ఇంతకన్నా గట్టిది లేదు. విచిత్రమేమిటంటే మొదట్లో ఇది జున్నులా మెత్తగా ఉంటుంది. అమెలోబ్లాస్ట్‌లు అనే కణాలు వరసగా నిలబడి ప్రోటీన్లు స్రవిస్తూ, రోజుకి సుమారు 4 మైక్రాన్ల చొప్పున వెనక్కి జరుగుతూ పోతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సాళ్ళు నాటుకుంటూ వెనక్కి నడిచే కూలీల్లాగా. వాటి ముందు ఆ ప్రోటీన్ గుజ్జులో సన్నటి రిబ్బన్లలాంటి ఖనిజపు పోగులు మొలుస్తాయి.

ఆ గుజ్జులో దాదాపు 90 శాతం ఒకటే ప్రోటీన్, అమెలోజెనిన్. ఇది తనలో తాను గుంపులు కట్టి, సుమారు 20 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) ఉండలుగానూ, గొలుసులుగానూ ఏర్పడుతుంది. పోగుల పక్క ముఖాలకి అంటుకుని వాటిని లావెక్కనివ్వదు, ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. ఇంక అవి పెరగడానికి మిగిలిన దారి పొడవే. అలా వేల పోగులు ఒకే దిక్కుకి పెరిగి ఒక కట్ట అవుతాయి. ఆ కట్ట మందం సుమారు 5 మైక్రాన్లు, తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. పన్ను నిండా ఇలాంటి కట్టలే.

పొడవు పూర్తయ్యాక ఆ ప్రోటీన్ వెళ్ళిపోవాలి. మొదటి దశ నుంచే ఎంఎంపీ20 అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంటుంది. తర్వాతి దశలో కేఎల్‌కే4 అనేది మిగిలినదంతా కొరికి శుభ్రం చేస్తుంది. ఖాళీ అయిన చోటులోకి పోగులు లావెక్కి, పక్కపక్కన బిగుసుకుంటాయి. స్లాబుకి సెంట్రింగ్ లాంటిది ఈ ప్రోటీన్. పోసేటప్పుడు లేకపోతే కుదరదు, గట్టిపడ్డాక ఉంటే కుదరదు.

ఎంఐహెచ్ ఉన్న సుద్ద ఎనామెల్‌ని పరీక్షిస్తే మామూలుకన్నా ఎక్కువ ప్రోటీన్ మిగిలి ఉంటుంది. అందులో రక్తంలో ఉండే ఆల్బుమిన్ కూడా కనిపిస్తుంది. ఆల్బుమిన్ ఖనిజానికి గట్టిగా అంటుకుని పోగుల్ని లావెక్కనివ్వదు. మందం సరిపోతుంది, గట్టిదనమే రాదు. చిన్నప్పటి జబ్బులకీ ఎంఐహెచ్‌కీ సంబంధం చాలా పరిశీలనల్లో కనిపించింది కానీ, ఫలానా జ్వరమే ఫలానా మచ్చ చేసిందని ఒక్క బిడ్డ విషయంలో వేలెత్తి చూపించలేం.

కేఆర్_పురం_మేస్త్రి
పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో స్లాబులు పోయిస్తున్నాను. సెంట్రింగ్ అనగానే చదివాను. స్ఫటికం గారూ, ఒక సవరణ. సెంట్రింగ్ కింద నుంచి బరువు మోస్తుంది. మీ ప్రోటీన్ బరువు మోయట్లేదు కదా, పక్కకి పోకుండా ఆపుతోంది. అది స్తంభానికి చుట్టూ కట్టే పెట్టె. నాలుగు పక్కలా పలకలు బిగిస్తాం, మాల్ పైకే లేస్తుంది.

ఇంకో మాట. పలక ముందే ఊడితే స్తంభం పొట్ట వస్తుంది. పలక ముక్క ఒకటి లోపలే ఉండిపోయి దాని చుట్టూ కాంక్రీట్ పోశారనుకోండి, పైకి బాగానే ఉంటుంది. సుత్తితో కొడితే డొల్ల మోత వస్తుంది. పాప పన్ను కథ ఆ రెండోదేనా?

స్ఫటికం
మేస్త్రి గారూ, మీ పోలికే సరైనది. ఇక నుంచి విద్యార్థులకి స్తంభం పెట్టె అనే చెబుతాను. అవును, రెండోదే. మీరు చెప్పిన రెండు పొరపాట్లూ ఎలుకల్లో చూశారు. అమెలోజెనిన్ జీన్ తీసేస్తే ఎనామెల్ చాలా పలచగా వస్తుంది, కట్టల అమరికే ఉండదు. కేఎల్‌కే4 తీసేస్తే మందం సరిగ్గానే ఉంటుంది, లోపల ప్రోటీన్ మిగిలిపోయి, నమలడం మొదలుపెట్టాక విరిగిపోతుంది. ఎలుకలే ఎందుకంటే వాటి ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఒకే పన్నులో మొదటి దశ నుంచి చివరి దశ వరకు వరసగా దొరుకుతుంది.

గీజర్_పెచ్చు
నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. నేను కెమిస్ట్రీ చదివాను. కాల్షియం, ఫాస్ఫేట్ తగినంత ఉంటే ఖనిజం తనంతట అదే పేరుకుంటుంది. మా ఇంట్లో బోరు నీళ్ళకి గీజర్ కాయిల్ మీద వేలెడు మందం తెల్ల పెచ్చు కట్టింది. దానికి ఏ ప్రోటీనూ దారి చూపలేదు. మీరు ప్రోటీన్‌కి మరీ పెద్దపీట వేస్తున్నారు.

స్ఫటికం
ఆ పెచ్చు మీ గీజర్లో కార్బనేట్, ఇక్కడ ఫాస్ఫేట్, అది పక్కన పెడదాం. మీరన్నది నిజమే, పేరుకోవడానికి ప్రోటీన్ అక్కర్లేదు. ఇబ్బంది అక్కడే ఉంది. కాయిల్ మీది పెచ్చు ఒక ముక్క విరిచి చేతిలోకి తీసుకోండి. గోటితో నొక్కితే పొడి అయిపోతుంది. రేణువులు తలా ఒక దిక్కుకి ఉంటాయి కాబట్టి. ఎనామెల్‌లో పెద్ద పనేమిటంటే పేరుకోకుండా ఆపడం. కాల్షియం ఫాస్ఫేట్ మొదట ఏ ఆకారమూ లేని మెత్తటి రూపంలో దిగుతుంది. దాన్ని ఎక్కడపడితే అక్కడ గట్టిపడనివ్వకుండా కాసేపు పట్టి ఉంచి, వరసలో నిలబెట్టి, అప్పుడు స్ఫటికంగా మారనివ్వాలి. పట్టి ఉంచడమే ప్రోటీన్ పని. ఎనామెలిన్ అని ఇంకొకటి తక్కువ మోతాదులో ఉంటుంది, రిబ్బన్లు మొలవడం మొదలయ్యే చోట దాని అవసరం ఉంది. అమెలోబ్లాస్టిన్ అనేది కణాలని ఆ పొరకి అంటిపెట్టుకుని ఉండేలా చేస్తుంది.

గీజర్_పెచ్చు
విరిచి చూశాను, పొడే అయింది. సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అపటైట్ ఏర్పడేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. అంత ఖనిజం గట్టిపడుతుంటే ఆ ఆమ్లమే దాన్ని తిరిగి కరిగించాలి కదా. దీనికేమంటారు?

స్ఫటికం
మంచి ప్రశ్న వేశారు. ఆ కణాలు రెండో దశలో వేషం మార్చుకుంటాయి. కొంతసేపు అంచు మడతలు మడతలుగా, కొంతసేపు నున్నగా, అలా మార్చి మార్చి. మడతల వేషంలో బైకార్బనేట్ పంపి ఆమ్లాన్ని విరుస్తాయి, కాల్షియం అందిస్తాయి. ప్రోటీన్ ముక్కల్ని బయటికి లాగేసే పని కూడా ఇదే దశలో జరుగుతుంది. కణం మీద ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఇప్పుడే. ఒంట్లో పెద్ద జబ్బు ఈ సమయంలో వస్తే పని చెడుతుందనే ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

నిద్రలేని_నాన్న
ప్రోటీన్ ముఖ్యం అంటున్నారు కదా, మావాడికి ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టమంటారా? ఐదేళ్ళు.

పిల్లల_పళ్ళ_డాక్టర్
వద్దు. తిన్న ప్రోటీన్ కడుపులో ముక్కలైపోతుంది, అది నేరుగా పన్నులోకి వెళ్ళదు. అమెలోజెనిన్‌ని ఆ కణాలే జీన్ చూసి తయారుచేసుకుంటాయి. ఇంకా ముఖ్యమైనది, పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, లోపల కణాలున్నాయి కాబట్టి. ఎనామెల్‌లో ఒక్క కణం కూడా లేదు. పోతే పోయినట్టే. మారతహళ్ళి అమ్మ గారి అత్తయ్య గారికి కూడా ఈ మాట చెప్పండి, ఇప్పుడు కాల్షియం మాత్ర వేస్తే ఆ మచ్చ మారదు.

కనిగిరి_కుర్రోడు
డాక్టర్ గారూ, ఫ్లోరైడ్ మా ఊళ్ళో పళ్ళు పాడుచేసింది. మీరేమో పిల్లలకి ఫ్లోరైడ్ పేస్టు రాస్తారు. ఇదెలా?

పిల్లల_పళ్ళ_డాక్టర్
మీ కోపం అర్థమవుతుంది. రెండూ ఒకే పదార్థం, సమయం వేరు, దారి వేరు. మీ పళ్ళు దవడలో తయారవుతున్న రోజుల్లో అది నీళ్ళతో కడుపులోకి, రక్తంలోకి వెళ్ళింది. నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు అని మన ప్రమాణాలు చెబుతాయి. పన్ను బయటికి వచ్చాక పైన రాసేది వేరే పని చేస్తుంది, ఆమ్లానికి కరిగిన చోట ఖనిజం మళ్ళీ దిగడానికి సాయపడుతుంది. ఏడేళ్ళ పాపకి బఠాణీ గింజంత పేస్టు, మింగకుండా ఉమ్మేయడం నేర్పాలి. అంతే.

స్ఫటికం
కనిగిరి గారి పళ్ళలో జరిగింది కూడా ఈ చర్చలోదే. ఫ్లోరైడ్ ఎక్కువైతే రెండో దశలో ప్రోటీన్ ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. మేస్త్రి గారి పలక ఇక్కడా ఊడాల్సినంత త్వరగా ఊడలేదు.

కనిగిరి_కుర్రోడు
నలభై ఏళ్ళు నా పళ్ళకి పాచి పట్టిందనుకున్నారు జనం. కాలేజీలో వేప పుల్లతో రక్తం వచ్చేదాకా తోమాను. లోపల నుంచి అలా ఉందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

వైట్‌ఫీల్డ్_పసుపు
కనిగిరి అన్నా, నాదీ అదే బాధ, కారణం వేరు. నాకు అమెలోజెనెసిస్ ఇంపర్ఫెక్టా, అంటే జీన్ లోపం వల్ల ఎనామెల్ సరిగ్గా ఏర్పడని జబ్బు. ఎనామెల్ కాగితమంత పలచన. నవ్వితే పసుపు. రెండు పెళ్ళిచూపుల్లో "అబ్బాయి గుట్కా వేస్తాడా" అని మధ్యవర్తితో అడిగించారు. జీవితంలో వక్కపలుకు కూడా నమల్లేదు.

డెంటల్ కాలేజీలో ఒక మేడమ్ నన్ను వదిలేసి మా అమ్మని కూర్చోబెట్టి పళ్ళు చూసింది. అమ్మ పళ్ళ మీద నిలువుగా గట్లు ఉంటాయి, దువ్వెనతో గీసినట్టు. ఒక గాడి, ఒక గట్టు. ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నా నేనెప్పుడూ గమనించలేదు. ఆ గీతలు చూసే ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీది జీన్ అని ఆవిడ చెప్పింది. స్ఫటికం గారూ, గీతలెందుకు?

స్ఫటికం
మీ అమ్మగారికి రెండు ఎక్స్‌లు. ఒక దాంట్లో అమెలోజెనిన్ జీన్ సరైనది, రెండో దాంట్లో తేడా ఉన్నది. ప్రతి కణంలో ఒక ఎక్స్ మాత్రమే పనిచేస్తుంది, రెండోది నిద్రపోతుంది. ఏది అనేది కణాల గుంపుని బట్టి మారుతుంది. మంచి జీన్ పనిచేసే గుంపు మందంగా పొర వేసింది, దాని పక్క గుంపు పలచగా వేసింది. ఆ గట్లూ గాడులూ అవే. మీకు ఒక్కటే ఎక్స్, అందుకే అంతటా పలచన. మీకు కొడుకు పుడితే మీ నుంచి ఇది వెళ్ళదు. కూతురికి మాత్రం తప్పకుండా వెళ్తుంది.

వైట్‌ఫీల్డ్_పసుపు
పోయిన ఏడాది పెళ్ళయింది. ఈ చివరి రెండు వాక్యాలు మా ఆవిడకి పంపాను. "ముందే తెలిస్తే మొదటి పన్ను నుంచే జాగ్రత్తపడొచ్చు" అని రాసింది.

హోసూరు_రోడ్డు
అమెలోజెనిన్ ఎక్స్ మీదా, వై మీదా కూడా ఉంటుందని, ఫోరెన్సిక్ వాళ్ళు దాన్ని చూసే ఆడో మగో చెబుతారని విన్నాను. నిజమేనా?

స్ఫటికం
నిజమే. రెండింటి పొడవులో కొంచెం తేడా ఉంటుంది, డీఎన్ఏ పరీక్షలో అది దొరికిపోతుంది. డీఎన్ఏ మిగలని పాత శిలాజాల్లో కూడా ఎనామెల్‌లో చిక్కుకున్న ప్రోటీన్ ముక్కలు మిగులుతాయి. సుమారు 8 లక్షల ఏళ్ళ నాటి మనిషి జాతి పన్నులోంచి తీసి చదివారు, 2020లో అచ్చయింది. అమెలోజెనిన్ అంతా ఖాళీ అవ్వాలన్నాను కదా, ఆ చివరి కొసరు మిగలబట్టే మనకి ఇన్ని కబుర్లు.

గీజర్_పెచ్చు
కోళ్ళకి పళ్ళు లేవు కదా, వాటికి ఈ జీన్ ఉందా?

స్ఫటికం
పాడైపోయిన జీన్ అవశేషాలు ఉన్నాయి. పక్షుల పూర్వీకులకి ఎనామెల్ ఉండేది.

కేఆర్_పురం_మేస్త్రి
ఇల్లు పడగొట్టినా పునాది రాళ్ళు మిగిలినట్టు.

మారతహళ్ళి_అమ్మ
నిన్న ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, పిల్లల పళ్ళు మాత్రమే చూసే ఆవిడ. ఎంఐహెచ్ అనే చెప్పింది. రాలిన మూల మీద గ్లాస్ అయానమర్ అని తెల్ల మందు నింపి మూసేసింది. మత్తు ఒకసారికి ఎక్కలేదు, రెండోసారి ఇచ్చాకే పాప చేయి వదిలింది. ఇంకా రాలితే స్టీల్ క్యాప్ వేయాలంది. పాలతో తయారైన ఒక క్రీము రాసింది, పాపకి పాలు పడతాయా అని రెండుసార్లు అడిగి మరీ రాసింది.

పిల్లల_పళ్ళ_డాక్టర్
సరైన పని చేశారావిడ. ఈ పళ్ళకి మత్తు తొందరగా ఎక్కదు, మాకూ అది తెలిసిన ఇబ్బందే. ఆ క్రీములో ఉండేది పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ముక్క. అదీ కాల్షియం ఫాస్ఫేట్‌ని గట్టిపడనివ్వకుండా పట్టి ఉంచే ప్రోటీనే, అందుకే పాలు పడని పిల్లలకి వాడం. మూడు నెలలకోసారి చూపించండి.

మారతహళ్ళి_అమ్మ
ఇంకో సంగతి. క్లినిక్‌లోనే కదులుతున్న ముందు పాలపన్ను ఒకటి ఊడింది. అత్తయ్య పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరమన్నారు. పన్నెండో అంతస్తులో ఉంటున్నాం, పేడ ఎక్కడ తేను, కప్పు ఎవరిది? కుంకుమ భరిణెలో దాచాను.

స్ఫటికం
పారేయకండి. పాలపన్ను ఎనామెల్ కొంత కడుపులో ఉండగా, కొంత పుట్టాక తయారవుతుంది. ఆ రెంటి మధ్య ఒక గీత ఉంటుంది, పుట్టిన రోజు పడే గీత. పుట్టేటప్పుడు ఆ కణాలు తడబడిన గుర్తు అది. పన్నుని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే కనిపిస్తుంది.

మారతహళ్ళి_అమ్మ
కోయనివ్వను లెండి. గీత ఉందని తెలిసింది, చాలు. చివరి ప్రశ్న. పన్నెండేళ్ళకి ఇంకో దవడ పన్ను వస్తుందట కదా. అదీ ఇలాగే వస్తుందా?

పిల్లల_పళ్ళ_డాక్టర్
దాని ఎనామెల్ పని రెండున్నర, మూడేళ్ళకి మొదలై ఏడు, ఎనిమిదేళ్ళకి పూర్తవుతుంది. పదకొండో నెల న్యుమోనియా నాటికి అది మొదలే కాలేదు. అక్కడక్కడ రెండో దవడ పన్నుకీ మచ్చ వస్తుంది కాబట్టి, రాగానే చూపించండి.

మారతహళ్ళి_అమ్మ
అంటే ఇప్పుడు కూడా లోపల పని నడుస్తోందన్నమాట. పాపకి చెబితే బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని "నిద్రపోయినా పనిచేస్తారా వాళ్ళు" అని అడిగింది. చేస్తారన్నాను. సరైన మాటే చెప్పానా?

స్ఫటికం
చేస్తారు. రోజు గడిచిన గుర్తుగా ఎనామెల్‌లో ఒక్కో సన్న గీత పడుతుంది, చెట్టుకి ఏడాదికో వలయం పడినట్టు.

కేఆర్_పురం_మేస్త్రి
మా కూలీలకన్నా నయం. పాపకి నా ఆశీస్సులు.

మారతహళ్ళి_అమ్మ
చెబుతాను మేస్త్రి గారూ. రేపటి నుంచి స్కూలు డబ్బాలో చేగోడీల బదులు ఇడ్లీ. ఆ రెండో పన్ను రాగానే దాని ఫొటో ఇక్కడే పెడతాను.